మీకు తెలుసా? అంటుమొక్కతో సముద్రము దాటిన పురుగు

1870 ప్రాంతమున చైనానుండి కాలిఫోర్నియాలోని శాన్ జోస్ పట్టణమునకు తెప్పించిన మొక్కలతోపాటు, కంటికి సులభముగా ఆనని యొక పొలుసుపురుగును వచ్చి చేరినది. ఆ యూరి పేరే దానికి నిలిచిపోయినది. దీని ఆడుపురుగునకు రెక్కలు లేవు. పుట్టిన కొలది గంటలు ప్రాకి, పిదప కొమ్మలో ముక్కు గ్రుచ్చి, మైనపు డాలువంటి పొలుసుక్రింద ఆమరణాంతము కదలక రసము పీల్చుచుండును. అట్టి జీవి 1893 నాటికి అమెరికా తూర్పుభాగమున కనబడుటకు ముఖ్యకారణము నర్సరీలు తెప్పించి విక్రయించిన మొక్కలే. ఈ పురుగు భయముచేత 1898లో జర్మనీ అమెరికానుండి వచ్చు మొక్కల దిగుమతిని నిషేధించినది. 1912లో అమెరికాయును, 1914లో భారతదేశమును మొక్కల దిగుమతిపై నియంత్రణకు చట్టములు చేసినవి. కాశ్మీర, హిమాచల ప్రాంతముల ఆపిల్ తోటలకును ఈ పీడ తప్పలేదు.

తినుటకు వచ్చిన పండుకంటె నాటుటకు వచ్చిన మొక్క యధికాపాయకరము. ఏలయన, దానిని మనమే భూమిలో పాతి, నీరుపోసి, దానిపైనున్న పురుగునకు ఏండ్లతరబడి ఆహారము సమకూర్చుదుము. కావుననే దిగుమతి మొక్కల పరీక్షకులు, వానితో రాగల చీడ ప్రయాణమున బ్రతుకునా, మన శీతోష్ణస్థితి దానికి సరిపడునా, ఇచట దానికి ఆశ్రయవృక్షములు కలవా, స్థిరపడిన నెంత నష్టమని ముందుగా విచారింతురు. లక్షణములు చూపని వైరసు తెగుళ్ళ విషయమున నీ విచారణయు చాలదు; దిగుమతి పిమ్మటను మొక్కను వేరుగా నుంచి పరిశీలింపవలయును.

విదేశములనుండి వచ్చు సోదరులారా, అనుమతిపత్రము, ఆరోగ్య ధ్రువపత్రము లేని కొమ్మను, అంటును మీ పెట్టెలలో తేకుడు.