సేవ, ఆట, విహారం: విదేశీ విద్యార్థుల ‘మిషన్ ట్రిప్’తో మేలు ఎవరికి?

వేసవి సెలవులు, క్రిస్మస్ సెలవులు వస్తున్నాయంటే అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాలోని చాలా స్కూళ్లు, కాలేజీలు, చర్చిలు విద్యార్థి బృందాలను విదేశాలకు పంపుతాయి. రెండు వారాల కార్యక్రమం ముందే తయారవుతుంది. పొద్దున ఒక స్కూల్లో పాఠం చెప్పడమో, గోడలకు రంగులు వేయడమో ఉంటుంది. సాయంత్రం అక్కడి పిల్లలతో ఫుట్‌బాల్ లేదా వాలీబాల్. చివరి మూడు నాలుగు రోజులు చుట్టుపక్కల చూడదగ్గ ప్రదేశాలు. దీన్నే ‘మిషన్ ట్రిప్’ అంటున్నారు. మతంతో సంబంధం లేకుండా వెళ్లే బృందాలు ‘సర్వీస్ ట్రిప్’ అంటాయి. పేరేదైనా అందులో ఉండేవి మూడే: సేవ, ఆట, విహారం.

ఈ మూడింటినీ ఒకే చోట చూపించడానికి పుదుచ్చేరి లాంటి ఊరు వీలుగా ఉంటుంది. బీచ్ రోడ్డు, పసుపు గోడల ఫ్రెంచి వీధులు, పక్కనే ఆరోవిల్ ఉన్నాయి. పర్యాటక కరపత్రాల్లో కనిపించేది ఎక్కువగా ఈ భాగమే. అక్కడికి రెండు మూడు కిలోమీటర్లలో ఉన్న సారం లాంటి పేటలు మామూలు జనం బతికే చోట్లు. ‘సేవ’ కోసం వచ్చే బృందాలు వెతికేది ఇలాంటి పేటలనే. అక్కడివారికి వీళ్ల వల్ల ఒరిగేది ఏమిటన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న తెలుగువారికి దూరమైనదేమీ కాదు. యానాం వాసులకు రాజధాని పుదుచ్చేరి. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లలను సెలవుల్లో ఇక్కడి సేవా సంస్థల్లో కొన్నాళ్లు ఉంచాలనుకునే తెలుగు తల్లిదండ్రులూ ఉన్నారు. కాలేజీ దరఖాస్తులో ‘వాలంటీర్ గంటలు’ చూపించుకోవచ్చన్నది ఒక కారణం, పిల్లలకు సొంత ఊరు తెలుస్తుందన్నది మరో కారణం.

ఎక్కడ మొదలైంది?

విద్యార్థులను మిషన్ పనిలోకి పెద్ద ఎత్తున తెచ్చిన ఉద్యమం 1886లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మొదలైంది. మౌంట్ హెర్మన్‌లో జరిగిన వేసవి శిబిరంలో వంద మంది విద్యార్థులు విదేశాలకు వెళ్లి మిషనరీలుగా పనిచేస్తామని మాట ఇచ్చారు. ‘స్టూడెంట్ వాలంటీర్ మూవ్‌మెంట్’ అలా పుట్టింది. అయితే వాళ్లు మాట ఇచ్చింది రెండు వారాలకు కాదు, జీవితకాలానికి.

తెలుగు నేలకు అంతకుముందే అలాంటివారు వచ్చారు. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ నాలుగు దశాబ్దాలు ఆ పనిలోనే ఉన్నారు. 1876-78 నాటి మహా కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని కరువు బాధితులకు కూలి పని ఇప్పించారు. ఆయనకు సర్వే పని తెలుసు, తెలుగు వచ్చు, ఊళ్లు తెలుసు. కూలి మాత్రం స్థానికులకే అందింది. అన్నం కోసం మతం మారుతున్నారన్న మాట రాకుండా కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపారు. ఆ తర్వాత 1878లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు ఇచ్చారు. సాయానికీ మతానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న అంత పాతది.

పుదుచ్చేరిలోనూ ఇలా వచ్చి ఉండిపోయినవారు ఉన్నారు. బెల్జియం నుంచి యువతిగా వచ్చిన మడెలీన్ ద బ్లిక్ 1960ల తొలినాళ్లలో మొదలుపెట్టిన వలంతారియా సంస్థతో దశాబ్దాలపాటు పనిచేశారు.

1961లో అమెరికా ప్రభుత్వం ‘పీస్ కోర్’ను మొదలుపెట్టాక కాలం తగ్గింది. జీవితకాలం రెండేళ్లయింది. 1976 వరకు నాలుగు వేల మందికి పైగా వాలంటీర్లు భారత్‌లో పనిచేశారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ కార్టర్ 1966లో ముంబై దగ్గరి విఖ్రోలికి వచ్చింది ఈ పథకం కిందే. బయల్దేరే ముందు వాలంటీర్లకు భాష, పని నేర్పేవారు.

విమాన ప్రయాణం అందుబాటులోకి వచ్చాక రెండేళ్లు రెండు వారాలకు కుదించుకుపోయాయి. భాష నేర్చుకునే వ్యవధి పోయింది. పని నేర్చుకునే వ్యవధీ పోయింది. ‘సేవ’ అన్న పేరు మాత్రం మిగిలింది.

ఈ లెక్క ఎలా ఉంటుంది?

ఉదాహరణకు ఇరవై మంది విద్యార్థుల బృందం వచ్చిందనుకుందాం. ఒక్కొక్కరి రానుపోను విమాన ఖర్చు లక్ష రూపాయలు వేసుకున్నా మొత్తం 20 లక్షలు. నెలకు 20 వేల జీతంతో ఒక టీచరును పెట్టుకుంటే ఆ డబ్బు వంద నెలలకు, అంటే ఎనిమిదేళ్లకు పైగా సరిపోతుంది. గోడకు రంగు వేయాలన్నా అంతే. ఆ పని పేటలో ఉన్న పెయింటర్ తక్కువ రోజుల్లో, మరింత బాగా చేస్తాడు. అతనికి కూలీ దొరుకుతుంది.

‘ఆ 20 లక్షలు ఎలాగూ ఇక్కడికి రావు కదా, పిల్లలు వస్తేనే ఖర్చవుతాయి’ అన్నది నిర్వాహకుల వాదన. అందులో నిజం ఉంది. టికెట్టు డబ్బు విమాన సంస్థకే పోతుంది, అయినా బృందం బస, తిండి, బండి అద్దె ఊళ్లోనే ఖర్చవుతాయి. తిరిగి వెళ్లినవాళ్లలో కొందరు ఏళ్ల తరబడి దాతలుగా ఉండిపోతారు. కాబట్టి చూడాల్సింది రెండు వారాల్లో ఏం కట్టారన్నది కాదు, ఆ తర్వాత ఏ బంధం మిగిలిందన్నది.

ఇంకో సంగతి కూడా ఉంది. 2011 జనగణన ప్రకారం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో అక్షరాస్యత 85 శాతం దాటింది. జాతీయ సగటు కంటే అది చాలా ఎక్కువ. ఫ్రెంచి లిసే స్కూలు అక్కడ 1826 నుంచి ఉంది. అలాంటి ఊళ్లో బోధనలో ఏ శిక్షణా లేని పదిహేడేళ్ల విద్యార్థి, తమిళం రాకుండా, పది రోజుల్లో ఏం నేర్పగలడన్నది అడగాల్సిన ప్రశ్నే. ఆ పది రోజులూ రెగ్యులర్ టీచరు పాఠం ఆగిపోతే నష్టపోయేది పిల్లలే.

అనాథాశ్రమాల సంగతి వేరు

గోడకు సరిగ్గా రంగు పడకపోతే మళ్లీ వేయించవచ్చు. పిల్లల విషయంలో ఆ వెసులుబాటు ఉండదు. ఆశ్రమంలో ఉండే చిన్నపిల్లలు కొత్తగా వచ్చినవాళ్లకు త్వరగా చేరువవుతారు. రెండు వారాలకు వాళ్లు వెళ్లిపోతారు. తర్వాత మరో బృందం వస్తుంది. చేరువ కావడం, విడిపోవడం ఇలా పదేపదే జరిగితే పిల్లల మనసుకు మంచిది కాదని బాలల సంక్షేమ రంగంలో పనిచేసేవారు చాలాకాలంగా చెబుతున్నారు.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి. సందర్శకులు ఇచ్చే డబ్బు కోసం తల్లిదండ్రులున్న పిల్లలను కూడా ఆశ్రమాల్లో చేర్చుకున్న ఉదంతాలు కంబోడియా, నేపాల్‌లలో బయటపడ్డాయి. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చే క్రమంలో ఈ విషయాన్ని ప్రత్యేకంగా చర్చించింది. 2019లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ బాలల హక్కులపై చేసిన తీర్మానంలోనూ అనాథాశ్రమాల్లో వాలంటీర్ల ప్రస్తావన వచ్చింది.

మన దేశంలో 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం పిల్లల సంరక్షణ సంస్థలన్నీ రిజిస్టర్ కావాలి. అదే చట్టంలోని 74వ సెక్షన్ సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో, స్కూలు వంటి గుర్తింపు వివరాలు బయటపెట్టడాన్ని నిషేధిస్తోంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆశ్రమం పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని తీసిన సెల్ఫీని సోషల్ మీడియాలో పెట్టే ముందు ఈ సెక్షన్ గుర్తుంచుకోవాలి.

వీసా ఏం అనుమతిస్తుంది?

భారత్ ఇచ్చే ఈ-టూరిస్ట్ వీసాపై వచ్చినవారు గరిష్ఠంగా ఒక నెలపాటు స్వచ్ఛంద సేవ చేయవచ్చు. ప్రతిఫలంగా డబ్బు తీసుకోకూడదు. గుళ్లకు, చర్చిలకు, దర్గాలకు వెళ్లవచ్చు, ప్రవచనాలు వినవచ్చు. మత ప్రచారం చేయడం, మత సంబంధ కరపత్రాలు పంచడం, ప్రార్థనా స్థలాల్లో ప్రసంగించడం మాత్రం కుదరదు. మిషనరీ పనికి వేరే వీసా ఉంది. ‘మిషన్ ట్రిప్’ అన్న పేరుతో వచ్చే బృందాలు చిక్కుల్లో పడేది సాధారణంగా ఇక్కడే.

ఓసీఐ కార్డు ఉన్న ప్రవాసుల పిల్లలకు టూరిస్ట్ వీసా అక్కర్లేదు. అలాగని అన్నిటికీ అనుమతి ఉన్నట్టు కాదు. కేంద్ర హోంశాఖ 2021 మార్చి 4న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మిషనరీ, తబ్లీగ్, జర్నలిజం, పరిశోధన, పర్వతారోహణ వంటి పనులకు ఓసీఐ కార్డుదారులూ ప్రత్యేక అనుమతి తీసుకోవాలి.

ఇక్కడి సంస్థకూ బాధ్యతలు ఉన్నాయి. విదేశీయులకు బస ఇచ్చినవారు 24 గంటల్లోగా ఆ వివరాలు అధికారులకు తెలపాలి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ కింద నమోదు కాని సంస్థ విదేశీయుల నుంచి విరాళం తీసుకోకూడదు. నగదే కాదు, సంస్థకు ఇచ్చే లాప్‌టాప్‌లు, ఆట సామాను కూడా విరాళం లెక్కలోకి వచ్చే అవకాశం ఉంది. 2020 సవరణ తర్వాత విదేశీ నిధులు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాకే రావాలి. పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. ఒక సంస్థ అందుకున్న విదేశీ నిధులను మరో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. మంచి మనసుతో ఇచ్చిన కానుక కూడా చిన్న సంస్థకు తలనొప్పి తెచ్చిపెట్టగలదు.

ఆట ఎందుకు భిన్నం?

ఈ మూడింటిలో తక్కువ చర్చకు వచ్చేది ఆట. నిజానికి ఎక్కువ మేలు చేయగలిగింది అదే. సేవలో ఒకరు ఇచ్చేవారు, మరొకరు పుచ్చుకునేవారు. మైదానంలో ఇద్దరికీ నియమాలు ఒకటే. ఎదురు జట్టు గెలవవచ్చు.

మిషన్‌కూ ఆటకూ ఉన్న బంధం పాతదే. 1891లో బాస్కెట్‌బాల్, 1895లో వాలీబాల్ రెండూ అమెరికాలో వైఎంసీఏ వాళ్ల చేతుల్లోనే పుట్టాయి. వైఎంసీఏ తరఫున మద్రాసు వచ్చిన హ్యారీ క్రో బక్ 1920లో అక్కడ వ్యాయామ విద్యా కళాశాల స్థాపించారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు మేనేజరు ఆయనే. బక్ వదిలి వెళ్లింది ఒక మ్యాచ్ జ్ఞాపకాన్ని కాదు, కోచ్‌లను తయారుచేసే కళాశాలను.

అనంతపురం ఇంకా దగ్గరి ఉదాహరణ. స్పెయిన్ నుంచి మిషనరీగా వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ పని మొదలుపెట్టారు. తర్వాత జెస్యూట్ సంఘాన్ని వదిలినా జిల్లాను వదల్లేదు. 2009లో చనిపోయే వరకు అక్కడే ఉన్నారు. ఆయన స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును చూడడానికి స్పెయిన్ నుంచి దాతలు, యువకులు వస్తుంటారు. అక్కడి క్రీడా గ్రామంలో 2010లో రాఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూలు మొదలైంది. వచ్చినవాళ్లు వెళ్లిపోయినా కోచ్ ఉంటాడు, మైదానం ఉంటుంది, రేపటి ప్రాక్టీసు ఉంటుంది. అతిథుల రాకపై పని ఆధారపడి లేదు.

పుదుచ్చేరిలో అయితే పాత్రలు తారుమారయ్యే అవకాశం కూడా ఉంది. ఫ్రెంచివారు వదిలి వెళ్లిన ఇనుప గుండ్ల ఆట ‘పెటాంక్’ను అక్కడ ఇప్పటికీ ఆడతారు. యూరప్ కుర్రాడికి ఆ ఆటలో మెళకువలు చెప్పేవాడు తమిళ పెద్దాయన కావచ్చు. కబడ్డీ బరిలోకి దిగితే నేర్చుకోవాల్సింది పూర్తిగా అతిథులే.

‘చూడ్డానికి రండి’

1968 ఏప్రిల్‌లో మెక్సికోలో అమెరికన్ విద్యార్థి వాలంటీర్ల సభకు ఇవాన్ ఇలిచ్‌ను పిలిచారు. అప్పట్లో ఆయన కేథలిక్ ఫాదరీ. సభికులను పొగుడుతారనుకుంటే నేరుగా మొట్టికాయలు వేశారు. చూడ్డానికి రండి, కొండలెక్కండి, చదువుకోండి, కానీ సాయం చేస్తామంటూ మాత్రం రావద్దన్నది ఆయన చెప్పిన సారాంశం. తమకు భాష రాని చోట, తమను తప్పుబట్టే వీల్లేని పేదల మధ్య మంచి చేస్తామనుకోవడం అహంకారమేనని ఆయన వాదన.

మాట కటువుగా ఉన్నా అందులో ఒక మెలిక ఉంది. మామూలుగా విహారాన్ని తక్కువగా, సేవను గొప్పగా చూస్తారు. ఇలిచ్ దాన్ని తలకిందులు చేశారు. చూడ్డానికి వచ్చినవాడు టికెట్టు కొంటాడు, హోటల్లో తింటాడు, ఆటోకు డబ్బిస్తాడు. తాను ఎవరినో ఉద్ధరిస్తున్నానని అనుకోడు.

బృందాన్ని పిలిచే ముందు అడగాల్సినవి

ఇలాంటి యాత్రలన్నీ వ్యర్థమనడం సరికాదు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత పుదుచ్చేరి తీరానికి వచ్చిన సాయంలో బయటివారి చేయి కూడా ఉంది. తేడా ఎక్కడుందంటే, పనిని ఎవరు అడిగారన్న దగ్గర. పిల్లలను పంపే తల్లిదండ్రులూ, ఆహ్వానించే సంస్థలూ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఈ పని కావాలని పేటవాళ్లు అడిగారా, లేక బృందం వస్తోందని పని వెతికారా? ఇదే పనిని కూలి ఇచ్చి స్థానికుడితో చేయించుకోలేమా? బృందం వెళ్లిన మర్నాడు ఆ పనిని కొనసాగించేదెవరు? అదే పనిని మన పిల్లలున్న స్కూల్లో, శిక్షణ లేని విదేశీ విద్యార్థి చేస్తానంటే ఒప్పుకుంటామా?

చివరి ప్రశ్నకు ‘ఒప్పుకోం’ అన్నది జవాబైతే, సారంలో పిల్లల విషయంలోనూ ఆ జవాబు మారకూడదు. అలాంటప్పుడు ఆ రెండు వారాలను నేర్చుకోవడానికి, ఆడుకోవడానికి, చూడడానికి వాడుకోవచ్చు. ఆ యాత్రకు ‘సేవ’ అన్న పేరు లేకపోయినా నష్టం లేదు.