తప్పింది పహాణీ, భూమి కాదు

వానాకాలం మొదలైతె జగిత్యాల నుంచి ఉట్నూరు దాంక ఉరుముతోటే కరెంటు పోతది. ఫొటో స్టూడియోల పెండ్లి ఆల్బం చేస్తుండంగనే కంప్యూటర్ దబ్బున బందైతది. మళ్ల చాలు చేస్తె డిస్క్ తెర్వదు, "ఫార్మాట్ చెయ్యాల్నా?" అని అడుగుతది. ఆడ్నే మనోళ్లు ఆగమైతరు.

డిస్క్‌ను ఊరి శివారు అనుకోండ్రి. ఫైళ్లు అండ్ల భూములు. ఏ ఫైల్ ఏడున్నదో రాసుకునే పహాణీ వేరే ఉంటది, దాన్నే ఫైల్ సిస్టం అంటరు. పట్వారి ఒక పేజీల పేరు కొట్టేసి ఇంకో పేజీల ఎక్కియ్యకముందే దీపం ఆరిపోతె ఎట్లుంటది? గట్లనే లెక్క సగంల ఆగుతది. భూమి చానమట్టుకు ఉన్నకాడ్నే ఉంటది.

విండోస్‌ల ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్‌ల ఉండే ఈఎక్స్‌టీ4 చేసే మార్పును ముందుగాల చిట్టాల రాసుకుంటయి. కరెంటు వచ్చినంక చిట్టా సూసి సర్దుకుంటయి. పెన్‌డ్రైవ్‌లల్ల ఉండే ఫ్యాట్32కు గా చిట్టా లేదు, అందుకే అవి జల్ది ఖరాబైతయి.

"చెక్‌డిస్క్ కొట్టు" అని అందరు చెప్తరు. నా పేచీ గా సలహా తోటే. చెక్‌డిస్క్ పహాణీని సరిచేస్తది, మీ ఫొటోలను కాపాడుడు దాని పని కాదు. లెక్క కుదరని ముక్కలను పేరు లేకుంట ఫౌండ్.000 అనే ఫోల్డర్‌ల పడేస్తది. రికార్డు సరిచేస్తమని పట్టాలు తారుమారైన ముచ్చట మనకు కొత్తనా? స్లాష్ ఎఫ్ పెట్టకుంట నడిపితె మాత్రం ఉత్తగ సూసి చెప్తది, దేన్నీ సరిచెయ్యది.

అందుకే ముందుగాల నకలు. డీడీరెస్క్యూ అని లినక్స్‌ల ఉచితంగ దొరుకుతది. చదవరాని జాగను పక్కకు పెట్టి, మంచిగున్నదంత ముందు ఇంకో డిస్క్‌కు దింపుతది. తర్వాత టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ ఏదైనా గా నకలు మీదనే నడపాలె. ఫొటోరెక్ పహాణీ ముట్టకుంట నేరుగ భూమి తవ్వి ఫొటోలు తీస్తది, పాత పేర్లు మాత్రం రావు. దొరికినయి వేరే డిస్క్‌ల పెట్టుకోండ్రి.

ఫార్మాట్ కొట్టేసినోళ్లు కూడ పాత హార్డ్‌డిస్క్ అయితె ఆశ ఇడ్వొద్దు. క్విక్ ఫార్మాట్ కొత్త పహాణీ రాస్తది గంతే. విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ అట్ల కాదు, భూమంత సున్నాలతోటి నింపుతది. ఎస్‌ఎస్‌డీల క్విక్ కూడ ప్రమాదమే, ఖాళీ అన్న జాగను అదే లోపల తుడ్సుకుంటది.

డిస్క్‌ల టక్ టక్ సప్పుడు వస్తుంటె పైన చెప్పిందేదీ చెయ్యకుండ్రి. వైరు పీకి రికవరీ చేసేటోళ్లకు ఇయ్యుండ్రి. ఇచ్చేముందు ఒక్కటే అడగుండ్రి: "అన్నా, ముందుగాల నకలు తీస్తవా?"