అంత్యకాలపు మందులు, వాని పద్దులు

మరణమును గూర్చి బడిపత్రికలో వ్రాయుట తగునా యని కొందరు తలిదండ్రులు సందేహింపవచ్చును. మన యిండ్లలో అవ్వలును తాతలును పిల్లల కన్నులయెదుటనే కాలము చేయుచున్నారు గనుక, ఈ విషయము పిల్లలకు క్రొత్తది కాదు. అదియునుగాక, మన బాలికలలో నర్సింగు చదువగోరువారు కలరు. మన దేశపు నర్సులు ఎందరో ఇంగ్లండునకు పోయి అచ్చటి వృద్ధాశ్రమములందు పనిచేయుచున్నారు. అచ్చట వారు చేపట్టు పనులలో మిక్కిలి బాధ్యతగల దానిని ఒకదానిని ఇందు వివరించెదను.

అచ్చట 'కేర్ హోము' అనబడు ఆశ్రమము మన ధర్మసత్రమువంటిది కాదు. తమ పని తాము చేసికొనలేని వృద్ధులు రుసుము చెల్లించియో, స్థానిక ప్రభుత్వపు సాయముననో అందు నివసింతురు. కొన్నింట రేయింబవళ్ళు నర్సులు ఉందురు. కొన్నింట సహాయకులు మాత్రమే యుండి, సూది వేయవలసి వచ్చినపుడు ఆ ప్రాంతపు నర్సును పిలిపింతురు. ఈ భేదమును జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

ప్రాణము పోవుటకు కొలది దినములు ముందు పెక్కుమందికి మ్రింగుట కష్టమగును. మాత్రలు పనికిరావు. కావున చర్మము క్రింద సూదిమందు వేయుదురు. సాధారణముగా నాలుగు విధముల మందులు కావలసివచ్చును: నొప్పికిని ఆయాసమునకును మార్ఫిన్, మనసు కలవరపడి పొరలాడువారికి మిడజోలాము, గొంతులో కఫము చేరి గురగురలాడినచో గ్లైకోపిర్రోనియము వంటిది, వాంతికి హాలోపెరిడాల్ వంటిది. నొప్పి వేళ చూచి రాదు. అర్ధరాత్రి దాటి రెండు గంటలకు వచ్చినచో మందుల అంగడి మూసియుండును, వైద్యుడు నిద్రలో నుండును. అందుచే వైద్యుడు ఈ మందులను ముందుగనే వ్రాసియిచ్చి ఆశ్రమమున సిద్ధముగా నుంచును. 2015లో 'నైస్' అను అచ్చటి జాతీయ సంస్థ మరణాసన్నుల సంరక్షణమునకై వెలువరించిన సూచనలలోను ఈ పద్ధతి కలదు.

మార్ఫిన్ అనగానే మనవారు ఉలికిపడుదురు. నల్లమందునుండి వచ్చునది గనుక ఆ భయము సహజమే. మన దేశమున 1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చిన పిదప, శిక్షకు వెరచి ఆసుపత్రులే దానిని ఉంచుట మానివేసినవి. క్యాన్సరు రోగులు అకారణముగా నొప్పితో విలవిలలాడిరి. 1993లో కేరళలోని కోళికోడున వైద్యులు కొందరు ఉపశమన చికిత్సాసంఘమును స్థాపించి త్రోవ చూపిరి. 2014లో ఆ చట్టమును సవరించి, చికిత్సకై మార్ఫిన్ పొందుటను కొంత సులభము చేసిరి. తగిన మోతాదులో వైద్యుని చేతిమీదుగా ఇచ్చిన మార్ఫిన్ ప్రాణమును తీయదు, బాధను తీయును.

కాని మోతాదు తప్పినచో? బీరువాలో మందు సిద్ధముగా నున్నది. వైద్యుని ఆజ్ఞ ముందే యున్నది. ఎప్పుడు ఇయ్యవలెనో నిర్ణయించునది మంచము ప్రక్క నున్న నర్సు. ఈ స్థితిలో రోగికిని నర్సుకును కూడ రక్షణ ఒక్కటే, పద్దు.

ఒక లెక్క చూతము. మార్ఫిన్ సీసా యొకదానిలో 1 మిల్లీలీటరునకు 10 మిల్లీగ్రాములు ఉన్నవనుకొందము. అట్టి సీసాలు 10 ఉన్నవి. వైద్యుడు వ్రాసిన మోతాదు 2.5 మిల్లీగ్రాములు. నర్సు పావు మిల్లీలీటరు ఎక్కించి, మిగిలిన 7.5 మిల్లీగ్రాములను మరియొకరి సమక్షమున పారవేయును. రిజిస్టరులో ఇచ్చినది 2.5, పారవేసినది 7.5, నిలువ 9 సీసాలు అని వ్రాసి, సాక్షియు సంతకము చేయును. మన వర్తకుల చిట్టా తెలిసిన పెద్దలకు ఇది సులభముగా బోధపడును. ఇచ్చిన గడియ, ఇచ్చుటకు కారణము, కొంతసేపటికి నొప్పి తగ్గినదా లేదా యనునవి కూడ వ్రాయవలెను. నోట మాట రానివాని ముఖమును, మూలుగును చూచి వ్రాయవలెను.

రాత్రి పదింటికి, తెల్లవారుజామున రెండింటికి, ఉదయము ఏడింటికి, మధ్యాహ్నము పండ్రెండింటికి నాలుగుసార్లు ఇచ్చిరనుకొనుడు. మొత్తము 10 మిల్లీగ్రాములు. వైద్యుడు ఆ పద్దు చూచి, ఇట్లు మాటిమాటికి పొడుచుట కంటె మేలని, 24 గంటలలో 10 మిల్లీగ్రాములు మెల్లమెల్లగా ఎక్కించు చిన్న పిచికారీ యంత్రమును అమర్చవచ్చును. ఒక్క మోతాదు వ్రాయుట మరచినచో ఆయన 7.5 అనుకొనును, రోగి మరునాడంతయు నొప్పితో నుండును. ఇచ్చినదానినే మరల ఇచ్చినచో అది వేరొక అపాయము.

ఇప్పుడు పెక్కు ఆశ్రమములు కాగితమునకు మారుగా చేతిపలకవంటి కంప్యూటరుమీద ఈ పద్దులను ఉంచుచున్నవి. మందుపెట్టెపై నున్న గీతల గుర్తును పలకకు చూపినచో అది ఆ మనిషికి వ్రాసిన మందేనా యని సరిచూచును. వెనుకటి మోతాదు ఇచ్చి తగినంత సేపు కానిచో హెచ్చరించును. కారణము వ్రాయనిదే ముందునకు పోనియ్యని యంత్రములును కలవు. గడియను తానే వేసికొనును.

ఈ చివరి గుణము ఎంతటిదో తెలియుటకు ఒక ఘోరమును చెప్పవలసియున్నది. మాంచెస్టరు సమీపమున హైడ్ అను ఊర హెరాల్డ్ షిప్‌మన్ అను వైద్యుడుండెను. మార్ఫిన్ జాతిదే యగు డయామార్ఫిన్‌తో తన రోగులను చంపి, 2000 జనవరిలో 15 హత్యలకు దోషిగా నిర్ణయింపబడెను. తరువాత న్యాయమూర్తి జేనెట్ స్మిత్ జరిపిన విచారణలో హతులు 215 మంది యని 2002లో తేలెను. చనిపోయినవారి యిండ్లలో మిగిలిన మందును కూడ అతడు సంగ్రహించెడివాడు. నేరము కప్పుటకై రోగుల కంప్యూటరు పద్దులలో లేని జబ్బులను వెనుకటి తేదీలతో చేర్చెను. యంత్రము మాత్రము ప్రతి వ్రాత నిజముగా ఎప్పుడు చేర్చబడెనో లోలోపల గుర్తుంచుకొని అతనిని పట్టియిచ్చెను.

అట్లని యంత్రమునకు దండము పెట్టి ఊరకుండరాదు. ఆశ్రమపు సహాయకురాలు వ్రాయునది ఒక యంత్రమున, వచ్చిపోవు నర్సు వ్రాయునది తన సంస్థ యంత్రమున, వైద్యుని పద్దు మూడవచోట. ఒక యంత్రపు వ్రాత వేరొక యంత్రమున పలుచోట్ల కనిపించదు. పిచికారీ యంత్రపు లెక్క ఇంకను కాగితముమీదనే యుండు తావులు కలవు. ఒక్క మనిషి ఒక్క రాత్రి పడిన బాధ ఇట్లు మూడు ముక్కలగును! నర్సులు లేని ఆశ్రమములకే ఈ చిక్కు ఎక్కువ. ఇక గళ్ళు నింపుటయే సేవ యనుకొను జాడ్యము మరియొకటి. మరణాసన్నులకై ఇంగ్లండున వాడిన 'లివర్‌పూల్ పద్ధతి' స్వయముగా చెడ్డది కాదు. కాని కొన్నిచోట్ల మనిషిని చూచుట మాని కాగితమును నింపిరని 2013లో విచారణసంఘము తప్పుపట్టగా దానిని విడిచిపెట్టిరి. నా మట్టునకు, పలకను చూచుటకు ముందు ముఖమును చూచు నర్సే నర్సు.

మరణించిన పిదప కూడ పద్దు ముగియదు. అచ్చటి నియమము ప్రకారము ఆ మందులు ఆశ్రమమువి కావు, ఆ వృద్ధునివి. వానిని మరియొకరికి వాడరాదు. 2020 కోవిడు కాలమున మాత్రము కొన్ని కట్టుబాట్లతో అనుమతించిరి. మరణమును గూర్చి విచారణాధికారి అడుగవలసివచ్చునేమో యని ఏడు దినములు వానిని కదలింపక తాళము వేసి యుంచుదురు. అటుపిమ్మట సీసాలను ఇద్దరు లెక్కించి, నిలువ అంకెతో సరిపోల్చి, నర్సులు లేని ఆశ్రమమైనచో మందుల అంగడికి తిరిగి పంపుదురు. నర్సులున్నచో మందును పనికిరాకుండ చేసి, అనుమతిగల సంస్థకు అప్పగింతురు. పంపినవారి పేరును, పుచ్చుకొన్నవారి పేరును, సీసాల సంఖ్యను వ్రాసి ఆ పుటను మూయుదురు.