ముందు లెక్క, తర్వాత విసురు

మొన్న ఆదివారం సాయంత్రం డాలస్‌లో, మా ఇంట్లో సోఫా మీద కూర్చుని మా పన్నెండేళ్లవాడితో మ్యాడెన్ వీడియో గేమ్ ఆడాను. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, కోలబంతిని చేత్తో విసిరే అమెరికన్ ఫుట్‌బాల్. పాస్ అందుకునే రిసీవర్లను మైదానమంతా పరిచే స్ప్రెడ్ ఫార్మేషన్ ఎంచుకున్నాను. ప్రతిసారీ అందరికంటే దూరంగా పరుగెత్తేవాడికే విసిరాను. సగం ఆటకే నాలుగు ఇంటర్‌సెప్షన్లు. "నాన్నా, నువ్వు బంతి నాకే పాస్ చేస్తున్నావు" అన్నాడు వాడు. ఆ నాలుగింటికీ నా బుర్రలో పాతుకుపోయిన అపోహలే కారణమని తర్వాత ఒక్కొక్కటిగా తేలింది.

అపోహ: స్ప్రెడ్ అంటే బంతిని దూరం విసరడమే.
వాస్తవం: ఇక్కడ అసలు సరుకు దూరం కాదు, వెడల్పు. మైదానం వెడల్పు 160 అడుగులు, అంటే 53 గజాల చిల్లర. రిసీవర్లు ఈ గీత నుంచి ఆ గీత దాకా నిలబడితే ఎదుటి పదకొండు మందీ పలచబడక తప్పదు. అలా తెరుచుకున్న సందులోకి ఐదారు గజాల పాస్ వేస్తే చాలు, మిగతా పని పట్టుకున్నవాడి కాళ్లు చూసుకుంటాయి. క్రికెట్‌లో ఫీల్డర్లంతా బౌండరీకి జరిగితే సింగిల్స్ తీయమూ? ఇదీ అంతే. 1989లో అయోవా వెస్లియన్ కాలేజీలో హాల్ మమీ, మైక్ లీచ్ అనే కోచ్‌ల జోడీ మొదలుపెట్టిన స్ప్రెడ్ పద్ధతికి 'ఎయిర్ రెయిడ్' అని పేరొచ్చింది. పేరు వింటే వైమానిక దాడి. దాని ఆయువుపట్టు మాత్రం 'మెష్' అనే పొట్టి ప్లే. ఇద్దరు రిసీవర్లు చెరోవైపు నుంచి వచ్చి భుజాలు రాసుకునేంత దగ్గరగా దాటుకుంటారు. వాళ్ల వెంటపడ్డ డిఫెండర్లు ఒకరికొకరు అడ్డమవుతారు.

అపోహ: స్ప్రెడ్ అనేది వీడియో గేమ్ ఆడే కుర్రాళ్లు కనిపెట్టిన ఎత్తు.
వాస్తవం: కోచ్ జాన్ మ్యాడెన్ పేరుతో తొలి గేమ్ 1988లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చింది. అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1958లో, ఒహాయోలోని మిడిల్‌టౌన్ హైస్కూల్ కోచ్ టైగర్ ఎల్లిసన్ ఆటగాళ్లను వెడల్పుగా పరిచి ఆడించాడు. దాన్నే 'రన్ అండ్ షూట్' అన్నారు. 1965లో ఆయన దానిమీద పుస్తకం కూడా రాశాడు.

అపోహ: స్ప్రెడ్ ఎంచుకున్నాక ఇక పరుగు మాట మరిచిపోవాలి.
వాస్తవం: బంతికి ఎదురుగా గుంపుగా నిలిచేవాళ్ల జాగాను 'బాక్స్' అంటారు. ప్లే మొదలయ్యే స్నాప్‌కు ముందు వాళ్లను లెక్కపెట్టండి. ఐదుగురే ఉంటే మన ఐదుగురు లైన్‌మెన్ తలా ఒకరిని పట్టుకుంటారు, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌కు దారి దొరుకుతుంది. ఏడుగురు కమ్ముకొస్తే అంచుల్లో మనుషులు తగ్గారన్నమాట, అప్పుడు విసరాలి. అర్బన్ మేయర్ కోచ్‌గా ఉన్న ఫ్లోరిడా జట్టు 2006, 2008 సీజన్లలో జాతీయ ఛాంపియన్ అయింది స్ప్రెడ్‌తోనే. అందులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ పరుగు పెద్ద ఆయుధం.

అపోహ: రిసీవర్లు ఎంత ఎక్కువైతే అంత మేలు.
వాస్తవం: నియమం ప్రకారం క్వార్టర్‌బ్యాక్ కాక పాస్ అందుకునే అర్హత ఐదుగురికే. ఐదుగురినీ బయటికి పంపితే దాన్ని 'ఎంప్టీ' అంటారు. అప్పుడు క్వార్టర్‌బ్యాక్‌కు కాపలా ఐదుగురు లైన్‌మెనే. అవతల ఆరుగురు దూకితే ఒకడు అడ్డూఆపూ లేకుండా మీదికొస్తాడు. అలాంటి ప్లే ఎంచుకున్నప్పుడు వెంటనే విసరడానికి ఒక పొట్టి రూట్ ఉండి తీరాలి. లేదంటే రన్నింగ్ బ్యాక్‌ను బ్లాకింగ్‌కు పక్కనే ఉంచుకోవడం మేలు.

అపోహ: 'ఫోర్ వర్టికల్స్' ఎప్పుడు వేసినా పారుతుంది.
వాస్తవం: నా నాలుగు ఇంటర్‌సెప్షన్లూ దీని పుణ్యమే. ఇది నలుగురు నేరుగా పరుగెత్తే ప్లే. వెనక ముగ్గురు కాపలా కాసే కవర్ 3 మీద నలుగురికి ముగ్గురు కాబట్టి, నడిమి సేఫ్టీకి (వెనక చివర కాపలా కాసేవాడు) అటో ఇటో ఒక సందు దొరుకుతుంది. వెనక నలుగురుండే కవర్ 4 మీద ఆ మిగులు ఉండదు. అందుకే ముందు సేఫ్టీలను చూడాలి. తర్వాత స్నాప్‌కు ముందే ఒక రిసీవర్‌ను మోషన్‌లో అటునుంచి ఇటు నడిపించాలి. ఎదుటివాడు వెంట నడిస్తే చాలావరకు మనిషికి మనిషి కాపలా ఉండే మ్యాన్ కవరేజ్, ఉన్నచోటే నిలిస్తే జాగాకు కాపలా కాసే జోన్. మ్యాన్ అయితే మెష్ వైపు మొగ్గాలి.

అపోహ: వెనక్కి పరుగెత్తితే టైమ్ దొరుకుతుంది.
వాస్తవం: షాట్‌గన్ అనే అమరికలో క్వార్టర్‌బ్యాక్ అప్పటికే దాదాపు ఐదు గజాలు వెనక ఉంటాడు. ఇంకా వెనక్కి పోతే, అంచు నుంచి చుట్టివచ్చేవాడికి మనమే ఎదురెళ్లినట్టు. ఒక అడుగు ముందుకు వేస్తే వాడు వెనకనుంచి దాటిపోతాడు. పాస్ బటన్ సంగతీ తెలియాలి: తట్టి వదిలితే బంతి ఎత్తుగా తేలుతుంది, నొక్కిపెడితే సూటిగా దూసుకుపోతుంది. దగ్గరి సందుకు సూటి బంతి, డిఫెండర్ తలమీదుగా పంపాలంటే తేలే బంతి.

రెండో సగంలో ఒక్కసారి ఆగాను. రిసీవర్‌ను మోషన్‌లో పంపాను. మావాడి డిఫెండర్ తోకలా వెంట నడిచాడు. మెష్ వేశాను. ఐదు గజాల పాస్, ఆపైన పద్నాలుగు గజాల పరుగు. మ్యాచ్ ఎలాగూ ఓడిపోయాను. కానీ వాడు నవ్వడం ఆపి, తర్వాతి ప్లేకి ముందు తన సేఫ్టీని ఒకసారి సర్దుకున్నాడు.