రాష్ట్ర ఖజానా ఖర్చునకు రాజ్యాంగము గీచిన హద్దులు

మోస్రా, వర్ని, బోధన్ పరిసరములలో ఏ గ్రామ పంచాయతీ సమావేశమునకు పోయినను వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: "పని మంజూరైనది, ఉత్తర్వు కూడ వచ్చినది, మరి డబ్బేల రాలేదు?" ఇది న్యాయమైన ప్రశ్న. చేబదులు తెచ్చి సిమెంటు, ఇసుక కొని మురుగుకాలువ కట్టించిన సర్పంచికి బిల్లు రాకపోవుట చిన్న కష్టము కాదు. 2024 ఆరంభములో పదవీకాలము ముగిసిన సర్పంచులు పలువురు తమ బిల్లుల కొరకు ఆందోళన చేసిన సంగతి రాష్ట్రమంతట తెలిసినదే. పంచాయతీ సభ్యులు మంజూరునకును ధనమునకును గల భేదమును ఎరిగియున్నచో ఏ పనికి ఎప్పుడు పూనుకొనవలెనో ముందే నిర్ణయించుకొనగలరు. ఆ భేదము మన రాజ్యాంగములోనే యున్నది.

రాష్ట్రమునకు వచ్చు పన్నులు, ఇతర ఆదాయము, తెచ్చిన అప్పులు అన్నియు 266వ అధికరణము ననుసరించి 'సంచిత నిధి' యను ఒకే కోశములో చేరవలెను. అందుండి ఒక్క రూపాయి తీయవలెనన్నను శాసనసభ చేసిన చట్టము కావలెను. ముఖ్యమంత్రి బహిరంగసభలో మాట యిచ్చినను, మంత్రి శంకుస్థాపన చేసినను, కార్యదర్శి ఉత్తర్వుపై సంతకము చేసినను, ఆ చట్టము లేనిదే ఖజానా తాళము తెరువబడరాదు. నిజాము పాలనలో ఈ అదుపు ప్రజల చేతిలో లేకుండెను. 1931లో పూర్తియైన నిజాంసాగరము మన పొలములకు నీరిచ్చిన గొప్ప పనియే. కాని దాని వ్యయమును ఓటుతో ఆమోదించుటకుగాని, తగ్గించుటకుగాని ప్రజాప్రతినిధులకు అధికారము లేదు. నేడు ఆ అధికారము మనము ఎన్నుకొన్న సభ్యులకు కలదు.

పద్ధతి యిట్లున్నది. ప్రతి సంవత్సరము రాబడి, వ్యయముల అంచనాను ప్రభుత్వము సభ ముందుంచును (202వ అధికరణము). ఖర్చును పద్దుల వారీగా సభ్యుల ఓటునకు పెట్టుదురు. సభ ఒక పద్దును అంగీకరింపవచ్చును, తిరస్కరింపవచ్చును, తగ్గింపవచ్చును. పెంచుటకు మాత్రము వీలు లేదు, ఏలయన గవర్నరు సిఫారసు లేక ఏ గ్రాంటును అడుగరాదని 203వ అధికరణము చెప్పుచున్నది. మన శాసనసభ్యుడు సభలో లేచి "మా మండలమునకు మరి కోటి రూపాయలు చేర్చుడు" అని కోరవచ్చును గాని, తన ఓటుతో దానిని చేర్పజాలడు. ఈ సంగతి తెలియక అతనిని నిందించువారు పెక్కురు. అటుపిమ్మట 204వ అధికరణము క్రింద ద్రవ్య వినిమయ బిల్లు చట్టమైనచో ఖర్చునకు దారి యేర్పడును.

సభ ఓటు అవసరము లేని వ్యయము కూడ కొంత కలదు. గవర్నరు, స్పీకరు, హైకోర్టు న్యాయమూర్తుల జీతములు, ప్రభుత్వపు అప్పుల వడ్డీ, వాయిదాలు, కోర్టు డిక్రీల సొమ్ము ఇట్టివి. వీనిపై చర్చింపవచ్చును గాని ఓటు వేయరు. అప్పు పెరిగినకొలది ఈ ఓటులేని భాగము పెరుగును. గ్రామముల పనులకు మిగులునది ఆ మేరకు తగ్గును.

మరియొక ముఖ్య విషయము. సభ ఇచ్చిన అనుమతి ఖర్చునకు పైహద్దే గాని, ఖర్చు చేసి తీరవలెనను ఆజ్ఞ కాదు. పద్దులో సొమ్ము చూపినను, ఖజానాలో నగదు లేనిచో ఆర్థికశాఖ విడుదలను ఆపవచ్చును. బిల్లులు నిలిచిపోవుటకు తరచుగా కారణము ఇదియే. కాబట్టి పని మొదలు పెట్టుటకు ముందు సభ్యులు మంజూరు ఉత్తర్వును మాత్రమే చూచి తృప్తి చెందక, ఏ పద్దు క్రింద సొమ్ము రావలెను, బడ్జెటు విడుదల ఉత్తర్వు వెలువడినదా అని మండల కార్యాలయమున వ్రాతపూర్వకముగా అడుగుట మేలని మా అభిప్రాయము.

హద్దు దాటి ఖర్చయినచో ఏమగును? దానిని తరువాత సభ ముందుంచి అనుమతి పొందవలెనని 205వ అధికరణము విధించినది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ లెక్కలు పరిశీలించి నివేదిక యిచ్చును, ప్రజాపద్దుల సంఘము దానిని విచారించును. తెలంగాణలో ఏండ్ల తరబడి అధికవ్యయమునకు ఇట్టి అనుమతి తీసికొనలేదని ఆ నివేదికలు పలుమారులు ఎత్తిచూపినవి. హద్దు కాగితముపై ఉండుట వేరు, దానిని కాపాడుట వేరు. వరద వంటి ఆకస్మిక అవసరములకు 267వ అధికరణము క్రింద ఆగంతుక నిధి కలదు. అందుండి తీసినదానికిని సభ అనుమతి పిమ్మట రావలెను.

అప్పు విషయములో హద్దు ఇంకను గట్టిది. కేంద్రమునకు బాకీయున్న రాష్ట్రము కేంద్రము సమ్మతి లేక క్రొత్త అప్పు తేరాదని 293వ అధికరణము చెప్పుచున్నది. దాదాపు అన్ని రాష్ట్రములు బాకీయున్నవే. 15వ ఆర్థిక సంఘము 2023-24 నుండి రాష్ట్రపు వార్షికోత్పత్తిలో నూటికి 3 వంతులు అప్పునకు సాధారణపు హద్దుగా సూచించినది. ప్రభుత్వ కార్పొరేషనుల పేర తెచ్చి బడ్జెటునుండి తీర్చు అప్పులను కూడ రాష్ట్రపు అప్పుగానే లెక్కింతుమని 2022లో కేంద్రము తెలుపగా, కాళేశ్వరము వంటి పథకములకు అట్లు అప్పు తెచ్చిన తెలంగాణ అభ్యంతరము చెప్పినది. కేరళ ఇట్టి తగవుపైననే సుప్రీముకోర్టు కెక్కినది. 2024 ఏప్రిల్ 1న ఆ వ్యాజ్యము రాజ్యాంగ ధర్మాసనమునకు పంపబడినది.

చెరకు రైతులకు ఈ చర్చ దూరపుది కాదు. శక్కర్‌నగరులోని నిజాం చక్కెర కర్మాగారమున 2002లో నూటికి 51 వాటాలు ప్రైవేటు సంస్థకు పోయినవి; 2015 డిసెంబరులో అది మూతపడినది. దానిని తెరిపింతుమని ప్రభుత్వములు మాట యిచ్చినవి, 2024లో ఒక సంఘమును కూడ నియమించినవి. అయినను పెట్టుబడి పెట్టవలెనన్నచో బడ్జెటులో పద్దు కావలెను, అప్పు తేవలెనన్నచో పైన చెప్పిన హద్దునకు లోబడవలెను. కర్మాగారము సంగతి విన్నప్పుడెల్ల రైతులు అడుగవలసినది తేదీ కాదు, పద్దు.

పంచాయతీలకు రెండు మార్గముల సొమ్ము వచ్చును. రాష్ట్రము ఇచ్చునది పైని చెప్పిన త్రోవలోనే రావలెను. అందులో మన వాటా యెంతయో సూచించుటకు అయిదేండ్లకొక రాష్ట్ర ఆర్థిక సంఘము నుండవలెనని 243-ఐ అధికరణము ఆదేశించినది. రెండవది కేంద్ర ఆర్థిక సంఘపు గ్రాంటు. దీనిని రాష్ట్రము పది పనిదినములలో పంచాయతీలకు పంపవలెననియు, ఆలస్యమైనచో వడ్డీతో ఇవ్వవలెననియు 15వ ఆర్థిక సంఘము షరతు పెట్టినది. ఎన్నికైన పాలకవర్గము లేనిచో ఆ గ్రాంటు రాదు. 2024 ఆరంభమునుండి 2025 డిసెంబరు ఎన్నికలవరకు ప్రత్యేకాధికారుల పాలనలో మన గ్రామములు ఆ నష్టమును అనుభవించినవి.

సంచిత నిధినుండి ఖర్చునకు సభ ఇచ్చిన అనుమతి మార్చి 31తో తీరిపోవును. ఆ తేదీకి ముందు చెల్లింపబడని సొమ్ము మరుసటి సంవత్సరపు బడ్జెటులో మరల చేరవలసినదే. అందుచేత పూర్తియైన పనికి కొలతల పుస్తకము, తీర్మానము ప్రతి, బిల్లు జనవరిలోనే సిద్ధపరచి ట్రెజరీకి పంపి, టోకెను సంఖ్యను పంచాయతీ రిజిస్టరులో వ్రాసియుంచుకొనవలెను.