మీటరు చూసి మురిసిపోతే ముప్పే!

పాత స్పోర్ట్స్ కార్ల ఆన్‌లైన్ వేలంలో మెలకువలు తప్పనిసరి
తక్కువ తిరిగిన బండికే గిరాకీ.. మోసాలకూ అక్కడే ఆస్కారం

తెనాలి: ముప్పై ఏళ్ల కిందటి స్పోర్ట్స్ కారు. మీటరుపై పది వేల మైళ్లు కూడా లేవు. రంగు చెక్కుచెదరలేదు. కంప్యూటరు తెరపై ఫొటోలు చూస్తే నిన్ననే షోరూము నుంచి దిగినట్లుంటుంది. వేలం ముగియడానికి రెండు నిమిషాలే గడువుంటుంది. అలాంటి వేళ ఆగి విచారించేవారికన్నా తొందరపడి మీట నొక్కేవారే ఎక్కువ. అమెరికాలో ఏళ్ల తరబడి సాగుతున్న ఈ వ్యాపారంపై అక్కడ స్థిరపడిన తెలుగువారిలోనూ మోజు పడేవారున్నారు. కష్టార్జితం పోగొట్టుకోకుండా ఉండాలంటే ఈ వేలం తీరుతెన్నులు తెలిసి ఉండాలి.

వేలం సాగేదిలా..

అమెరికాలో పాత కార్ల ఆన్‌లైన్ అమ్మకాలకు 2000 ప్రాంతంలో ఈబే మోటార్స్ బాట వేసింది. 2007లో మొదలైన 'బ్రింగ్ ఎ ట్రైలర్' తొలుత ఎక్కడెక్కడో అమ్మకానికి ఉన్న మంచి కార్లను ఏరి చూపించేది. 2014 నుంచి సొంతంగా వేలం నిర్వహిస్తోంది. 2020లో దీనిని హర్స్ట్ సంస్థ కొనుగోలు చేసింది. అదే ఏడాది, 1980ల నుంచి వచ్చిన కార్ల కోసం 'కార్స్ అండ్ బిడ్స్' ప్రారంభమైంది.

అమ్మకందారు ఫొటోలు, కాగితాలు ఉంచుతాడు. పాల్గొనేవారు అందరి ఎదుటా ప్రశ్నలు వేయవచ్చు. చివరి నిమిషాల్లో ఎవరైనా పాట పెంచితే గడువు కూడా పెరుగుతుంది. గెలిచినవారు కారు ధరతో పాటు వేలం సంస్థకు రుసుము చెల్లించాలి. పన్ను, రిజిస్ట్రేషను, లారీలో తెప్పించుకునే ఖర్చు అదనం. వీటిని ముందే లెక్క వేసుకోనివారు పాట గెలిచాక తల పట్టుకోవలసి వస్తుంది.

ఐదంకెల మీటరుతో చిక్కు

తక్కువ తిరిగిన బండికి ధర పలకడం సహజం. ఒకే మోడలు, ఒకే ఏడాది కార్లు రెండున్నా, మైళ్ల తేడాను బట్టి ధర రెట్టింపు కావచ్చు. మోసగాళ్ల చూపు మీటరుపై పడేది ఇందుకే.

1970 ప్రాంతపు డాట్సన్ 240జడ్, ఎంజీబీ వంటి కార్ల మీటర్లలో మైళ్లకు ఐదంకెలే ఉంటాయి. 99,999 దాటగానే మళ్లీ సున్నాకు వస్తుంది. అంటే మీటరుపై 12,000 ఉన్నంత మాత్రాన బండి అంతే తిరిగిందనుకోరాదు. అది 1,12,000 కూడా కావచ్చు. ఇక్కడ ఎవరూ మీటరు తిప్పనక్కరలేదు, కాలమే తిప్పేసింది. కొన్ని కార్లలో పాడైన మీటరు తీసి కొత్తది బిగిస్తారు. అప్పుడు లెక్క మొదటికొస్తుంది.

మీటరు వెనక్కి తిప్పడం అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం నేరం. దీనిపై 1972లో చట్టం వచ్చింది, 1986లో దానిని మరింత పటిష్ఠం చేశారు. యాజమాన్యం మారేటప్పుడు మైళ్ల సంఖ్యను రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. అయితే 2010, అంతకుముందు మోడళ్లకు ఈ ధ్రువీకరణ అవసరం లేదు. పాత స్పోర్ట్స్ కార్లన్నీ దాదాపు ఈ కోవలోనివే. కాబట్టి అమ్మేవాడి మాటకు ఆధారం వెతుక్కోవలసింది కొనేవాడే.

ఆధారాలు ఎక్కడ?

తేదీ, మైళ్ల సంఖ్య రెండూ ఉన్న మెకానిక్ రసీదులు అన్నిటికన్నా నమ్మదగినవి. 1992లో 6,000, 1998లో 8,500, 2006లో 11,000 అని వరుసగా కనిపిస్తే లెక్క కుదిరినట్లే. మధ్యలో పదేళ్ల కాగితాలు లేకుంటే కారణం అడగాలి.

1981 నుంచి అమెరికాలో ప్రతి కారుకు 17 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య తప్పనిసరి. దాని సాయంతో కార్‌ఫ్యాక్స్ వంటి సంస్థల నుంచి ప్రమాదాలు, యాజమాన్య మార్పుల వివరాలు తీసుకోవచ్చు. అంతకుముందు కార్లకు ఈ సౌలభ్యం తక్కువ. బ్రిటన్‌లో 2005 నుంచి జరిగిన వార్షిక తనిఖీల్లో నమోదైన మైళ్లను నంబరు ప్లేటు ఆధారంగా ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

కాగితం అబద్ధమాడినా కారు ఆడదు. పెడళ్లపై రబ్బరు అరిగిందా, డ్రైవరు సీటు అంచు నలిగిందా, స్టీరింగు నున్నబడిందా, తలుపు బందులు వాలాయా అని చూడాలి. పది వేల మైళ్లే తిరిగిన కారుకు కొత్త పెడల్ రబ్బర్లు ఎందుకొచ్చాయో అడగడంలో తప్పులేదు.

కదలని బండికీ రోగాలే

తక్కువ తిరిగిందంటే బాగున్నట్లేనన్నది అపోహ. దున్నని నాగలికి తుప్పు పట్టినట్లే నడవని కారూ చెడుతుంది. రబ్బరు గొట్టాలు, సీళ్లు ఎండి పగులుతాయి. ట్యాంకులో పెట్రోలు జిగురులా మారుతుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి.

కొన్ని ఇంజన్లలో టైమింగ్ బెల్టు మరీ ముఖ్యం. మైళ్లు తిరగకున్నా ఏళ్లు గడిస్తే దీనిని మార్చాలి. 1980ల నాటి పోర్షె 944లో ఈ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను దెబ్బతింటుంది. 1990ల నాటి ఫెరారీ ఎఫ్355లో బెల్టు మార్చాలంటే ఇంజనునే కిందకు దించాలి. ఆ ఖర్చుతో ఓ మామూలు పాత కారే వస్తుంది. అదే 1989లో వచ్చిన మాజ్దా మియాటా తొలి 1.6 లీటర్ల ఇంజనులో బెల్టు తెగినా వాల్వులకు హాని ఉండదు. తొలిసారి కొనేవారికి ఇలాంటి సాదాసీదా కారే శ్రేయస్కరం.

టైర్లతో ప్రాణాల మీదకు..

డబ్బు పోతే సంపాదించుకోవచ్చు, ప్రాణం సంగతి వేరు. హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో కారు ప్రమాదంలో మరణించారు. మిత్రుడు నడుపుతుండగా ఆయన పక్కన కూర్చున్నారు. అది 2005 నాటి పోర్షె కరెరా జీటీ. గంటకు 45 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డుపై 80 నుంచి 93 మైళ్ల వేగంతో వెళ్లడమే ప్రధాన కారణమని దర్యాప్తులో తేలింది. టైర్లకు తొమ్మిదేళ్లు నిండాయని, అవి కారు పట్టును దెబ్బతీసి ఉండవచ్చని కూడా అధికారులు గుర్తించారు.

టైరు వయసు తెలుసుకోవడం సులువే. పక్కన డీవోటీ అక్షరాలతో మొదలయ్యే సంఖ్యలో చివరి నాలుగంకెలు చూడాలి. 2305 అని ఉంటే 2005లో 23వ వారం తయారైనట్లు. మూడంకెలే ఉంటే 2000కు ముందుది. గాడి లోతుగా, కొత్తగా కనిపించినా పదేళ్లు దాటిన టైరుతో రోడ్డెక్కరాదు.

డీలరా.. వేలమా?

డీలరు దగ్గర ధర ఎక్కువ. కానీ కారును కళ్లారా చూసి, నడిపి, బేరమాడే వీలుంది. అమెరికాలో డీలర్లు ప్రతి పాత కారుకూ హామీ ఉందో లేదో తెలిపే పత్రాన్ని అతికించాలన్న నిబంధన ఉంది. హామీ లేదని రాసి ఉంటే, కొన్నాక వచ్చే మరమ్మతుల భారం సాధారణంగా కొన్నవారిదే. వేలంలోనూ ఎక్కువగా 'ఉన్నది ఉన్నట్లు' పద్ధతే. అసలు లేని కారును చూపి, దొంగ వెబ్‌సైట్ల ద్వారా ముందే డబ్బు జమ చేయించుకునే ముఠాలపై ఎఫ్‌బీఐ పలుమార్లు హెచ్చరించింది. ధర మరీ చవకగా ఉందంటే అనుమానించాల్సిందే.

ఇండియాకు తేవాలంటే..

అక్కడ కొన్న కారును ఊరికి తెచ్చుకోవడం తేలిక కాదు. పాత కార్ల దిగుమతికి మూడేళ్లలోపు వయసు, కుడివైపు స్టీరింగు వంటి షరతులున్నాయి. సుంకాలు కారు విలువనే మించిపోతాయి. పురాతన కార్లకు మాత్రం మినహాయింపు ఉంది. గతంలో 1950కి ముందు తయారైనవాటికే ఉన్న ఈ వీలును 2025లో 50 ఏళ్లు దాటిన కార్లకు విస్తరించారు. దేశంలో 50 ఏళ్లు నిండిన వాహనాలకు 2021 నిబంధనల ప్రకారం 'వీఏ' శ్రేణి నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు రూ.20 వేలు, పునరుద్ధరణకు రూ.5 వేలు రుసుము, గడువు పదేళ్లు. వీటిని నిత్యావసరాలకు, వ్యాపారానికి నడపరాదు.

ఇవి మరవొద్దు

* పాటకు ముందే స్థానిక మెకానిక్‌ను పంపి కారును పరీక్ష చేయించాలి. ఆ ఖర్చుకు వెనుకాడరాదు.
* యాజమాన్య పత్రంపై పేరు, అమ్మేవారి పేరు ఒకటేనా చూడాలి.
* చల్లబడిన ఇంజనును మొదటిసారి స్టార్టు చేసే వీడియో, కారు అడుగు భాగం ఫొటోలు అడగాలి.
* టైర్లు, బెల్టులు, ద్రవాలు మార్చే ఖర్చును ధరలో కలిపి గరిష్ఠ మొత్తం నిర్ణయించుకోవాలి. పాట ఆ మొత్తం దాటితే తప్పుకోవాలి.
* నడిపే కొద్దీ తక్కువ మైళ్ల విలువ తగ్గుతుంది. నడపాలనుకునేవారు 60 వేల మైళ్లు తిరిగి, రసీదులన్నీ ఉన్న కారును ఎంచుకోవడమే లాభం.