ర్యాంకు చిన్నదైతేనే మేలు

అక్కలారా! మన దోమకొండలో ఒక తల్లి ఉందనుకోండి. బీడీలు చుట్టి బిడ్డను ఇంటర్ దాకా చదివించింది. బిడ్డ ఎప్‌సెట్ రాసింది. ఇంజనీరింగులో చేరడానికి రాసే పరీక్ష ఇది. 2024కు ముందు దీన్ని ఎంసెట్ అనేవారు.

బిడ్డకు 40,000 ర్యాంకు వచ్చింది. పక్కింటి పిల్లకు 60,000 వచ్చింది. "మన పిల్లకే తక్కువొచ్చింది గదా!" అని తల్లి ఏడ్చింది. ఏడవాలా? అక్కర లేదు.

ఈ పరీక్షలో 160 ప్రశ్నలు ఉంటాయి. ప్రశ్నకు ఒక మార్కు. మార్కులు ఎంత ఎక్కువ వస్తే అంత మంచిది.

ర్యాంకు అట్లా కాదు. నల్లా దగ్గర బిందెల వరుస చూశారు గదా! ముందున్న బిందె ముందు నిండుతుంది. ర్యాంకు అంటే వరుసలో మన చోటు. ఎక్కువ మార్కులు వచ్చినవారు ముందుంటారు. అందుకే ర్యాంకు చిన్నదైతేనే మేలు.

ర్యాంకు వచ్చాక కౌన్సెలింగు ఉంటుంది. కావలసిన కాలేజీల పేర్లు కంప్యూటర్లో వరుసగా పెట్టాలి. బాగా ఇష్టమైనది మొదట పెట్టాలి. మన వంతు వచ్చేసరికి సీటు మిగిలి ఉన్న వాటిలో పైన రాసినది ఇస్తారు. కులాన్ని బట్టి రిజర్వేషన్ ఉంటుంది. ఆడపిల్లలకు మూడో వంతు సీట్లు ఉంటాయి. కాబట్టి పెద్ద ర్యాంకు వచ్చినా ఆశ వదలొద్దు.

"డబ్బిస్తే కౌన్సెలింగులో సీటు ఇప్పిస్తా" అనే దళారిని నమ్మవద్దు. ఫోనుకు వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు.

డిగ్రీలో చేరడానికి ఎప్‌సెట్ అక్కర లేదు. 'దోస్త్'లో ఇంటర్ మార్కులను బట్టి సీటు ఇస్తారు.

బిడ్డ ర్యాంకు కార్డు మీరే చదవండి. ఇప్పుడు చెప్పండి: 12,000 మేలా? 21,000 మేలా?